సరస్సు నాడి పట్టిన ఫోరెల్

ఆల్ప్స్ పర్వతాల పాదాన, స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల నడుమ లెమాన్ సరస్సు ఉన్నది. జెనీవా సరస్సు అన్న పేరే లోకప్రసిద్ధం. దాని గరిష్ఠమైన లోతు సుమారు 310 మీటర్లు. ఆ సరస్సు ఒడ్డున మోర్జ్ పట్టణంలో 1841 ఫిబ్రవరి 2వ తేదీన ఫ్రాన్స్వా ఆల్ఫోన్స్ ఫోరెల్ జన్మించారు. వైద్యశాస్త్రం అభ్యసించి, లోజాన్ విద్యాపీఠంలో శరీరధర్మ శాస్త్రం బోధించారు. అయినా ఆయన జీవితాంతం నాడి పట్టి చూచినది తన ఊరి సరస్సునే.

అంతటి అగాధజలాలలో జీవం ఉండదని ఆనాడు పలువురి నమ్మకం. 1869లో ఫోరెల్ లోతునుండి తీయించిన బురదలో ఒక చిన్న పురుగు బ్రతికి ఉన్నది. వెలుగు సోకని ఆ చోట అది ఏమి తిని, ఏమి పీల్చి జీవిస్తున్నది? దీనికి సమాధానం నీటిలోనే కాదు, ఆకాశంలోనూ వెదకవలసి ఉన్నది.

వేసవిలో ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైననే నిలుస్తుంది. అక్కడ సూక్ష్మమైన నాచు పెరిగి, పోషక లవణాలను హరిస్తుంది. చచ్చి అడుగుకు చేరి, క్రుళ్లుతూ ప్రాణవాయువును తగ్గిస్తుంది. శీతకాలంలో పైనీరు చల్లబడి, బరువెక్కి క్రిందికి దిగుతుంది. గాలి దానిని కలియబెడుతుంది. అప్పుడు ప్రాణవాయువు క్రిందికి, లవణాలు పైకి చేరుతాయి. వసంతంలో నాచు చిగురిస్తుంది. దానిని తిని చిరుప్రాణులు, వాటిని తిని చేపలు వృద్ధి పొందుతాయి. మనుష్యులను వణికించే చలి సరస్సుకు వరమన్నమాట. చలి చాలని ఏడు ఈ కలయిక నడిమిలోనే ఆగిపోతుంది.

ఫోరెల్ సరస్సు లోతులలో ఉష్ణోగ్రతలు కొలిచారు. నీటి రంగును నిర్ణయించడానికి ఒక కొలమానం కల్పించారు. గాలి ఒత్తిడి మార్పులకు సరస్సంతా తొట్టిలోని నీటివలె సుమారు 73 నిమిషాలకొకసారి ఊగుతుందని నిరూపించారు. 1892, 1895, 1904 సంవత్సరాలలో వెలువడిన ఆయన గ్రంథం మూడు సంపుటాలు. మొదటిదానిలో శీతోష్ణస్థితి, రెండవదానిలో నీటి ధర్మాలు, ఆ పిమ్మటనే మూడవదానిలో జీవరాశి. ఆ వరుసయే ఒక పాఠం. సరోవిజ్ఞానానికి ఆయన మూలపురుషులైనారు. 1912 ఆగస్టు 7వ తేదీన తాము పుట్టిన మోర్జ్‌లోనే కన్నుమూశారు.

నేడు శీతకాలాలు వెచ్చబడుతున్నవి. 2012 శీతకాలం తరువాత పదేండ్లకు పైగా లెమాన్ జలాలు అడుగువరకు కలియలేదు. ఫోరెల్ చూచిన పురుగు వంటి ప్రాణులకు ఊపిరి అందడం కష్టమవుతున్నది. ఈ మార్పు ఎంతటిదో తెలుసుకొనడానికి ఆనాడు ఆయన ఓర్పుతో వ్రాసిపెట్టిన అంకెలే ఈనాటికీ ఆధారం. ఇంటి ముంగిటి నీటిని జీవితమంతా శ్రద్ధగా చూచిన మనిషి ప్రపంచానికి ఒక శాస్త్రాన్నే ఇచ్చిపోయారు.