బూట్లు లేక కాదు

అబెబె బికిలా పేరు మన బడుల్లో ఒకే ఒక్క సంగతితో వినిపిస్తుంది. ఇథియోపియా సైనికుడొకడు బూట్లు కొనుక్కునే స్తోమత లేక ఒట్టి కాళ్లతో మారథాన్ పరుగెత్తి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడని. ఇందులో సగమే నిజం. ఒట్టి కాళ్లతో పరుగెత్తాడు, గెలిచాడు. కానీ బూట్లు లేక కాదు. 1960లో రోమ్ చేరాక కొత్త బూట్లు తీసుకున్నాడు. అవి పాదానికి సరిగా అమరక బొబ్బలు లేచాయి. ఆ కాళ్లతో 42 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఒట్టి కాళ్లతో సాధన చేయడం అతనికి అంతకుముందే అలవాటు. శిక్షకుడు ఒన్నీ నిస్కనెన్‌తో మాట్లాడుకుని బూట్లు పక్కన పెట్టేశాడు. చిన్న గాయం పెద్దది కాకుండా తీసుకున్న జాగ్రత్త అది. కథ చెప్పేటప్పుడు మనం పేదరికాన్ని ముందు పెట్టి ఆ జాగ్రత్తను వదిలేస్తున్నాం.

అబెబె 1932 ఆగస్టు 7న జాటో అనే కొండ ఊళ్లో పుట్టాడు. సరిగ్గా ఆ రోజే లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ జరిగింది. పెద్దయ్యాక రాజధాని అడిస్ అబాబాకు వచ్చి చక్రవర్తి అంగరక్షక దళంలో చేరాడు. సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైగా ఎత్తున్న ఊరది. గాలి పలచన. అక్కడ పరుగెత్తి అలవాటైన గుండెకు, ఊపిరితిత్తులకు కింది ప్రాంతాల్లో పరుగు తేలికవుతుంది. సైనికులకు శిక్షణ ఇవ్వడానికి స్వీడన్ నుంచి వచ్చిన నిస్కనెన్ అతనిలోని సత్తా గుర్తించాడు.

రోమ్ పందెం సాయంత్రం మొదలై చీకటి పడ్డాక ముగిసింది. దారి పొడవునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. మొరాకోకు చెందిన రాదీ చివరిదాకా పక్కనే ఉన్నాడు. ఇటలీ సైన్యం ఇథియోపియాను ఆక్రమించిన రోజుల్లో అక్సుమ్ నుంచి ఎత్తుకొచ్చిన రాతి స్తంభం ఆ దారిలోనే, ముగింపుకు దగ్గరలో ఉండేది. అక్కడికి వచ్చాక వేగం పెంచాలని గురుశిష్యులు ముందే అనుకున్నారు. పెంచాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో ముగించాడు. అప్పటికి ప్రపంచంలో అంత వేగంగా మారథాన్ పూర్తిచేసినవారు లేరు.

నాలుగేళ్ల తర్వాత టోక్యో. ఒలింపిక్స్ ఇంక నలభై రోజులు ఉందనగా సాధనలో పరుగెత్తుతుంటే కడుపులో నొప్పి మొదలైంది. దాన్ని ఓర్చుకుని పరుగు సాగించాలని చూశాడు. కుప్పకూలాడు. ఆసుపత్రిలో చూస్తే అపెండిక్స్. సెప్టెంబరు 16న ఆపరేషన్ చేశారు. కొద్ది రోజుల్లోనే లేచి నడిచాడు, వారం తిరిగేసరికి ఆసుపత్రి నుంచి బయటికొచ్చాడు. అక్టోబరు 21న ఈసారి బూట్లు వేసుకునే పరుగు మొదలుపెట్టాడు. సగం దాటాక అతని పక్కన ఎవరూ లేరు. సమయం 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు. రెండో స్థానంలో వచ్చిన బ్రిటన్ ఆటగాడికీ అతనికీ తేడా నాలుగు నిమిషాలు. పందెం అయ్యాక మైదానంలోనే పడుకుని కాళ్లూ చేతులూ ఆడిస్తూ వ్యాయామం చేశాడు. ఒలింపిక్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచిన మొదటివాడు అతనే.

ఇక్కడితో ఆపేస్తే చప్పట్లతో ముగిసే కథ. నాకు మాత్రం ఆ తర్వాతి భాగమే ముఖ్యమనిపిస్తుంది.

1967లో స్పెయిన్‌లో ఒక పందెంలో తొడ వెనుక కండరం పట్టేసి మధ్యలో తప్పుకున్నాడు. ఆ కాలు మళ్లీ పూర్వంలా కాలేదు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. పందేనికి వారం ముందు ఎడమ కాలు నొప్పి పెట్టింది. పిక్క దగ్గరి ఎముక చిట్లిందని వైద్యులు తేల్చారు. పందెం రోజు దాకా కాలు కింద పెట్టొద్దన్నారు. అయినా బరిలో దిగాడు. దాదాపు 16 కిలోమీటర్లు పరుగెత్తి ఆగిపోయాడు. అదే దేశం వాడు, అదే దళంలోని సైనికుడు మామో వోల్డె స్వర్ణం గెలిచాడు.

అంత పేరున్నవాడు, లోకమంతా చూస్తుండగా దారి పక్కకు తప్పుకోవడం ఎంత కష్టమో ఊహించండి. మన బడి ఆటల పోటీల్లో కుంటుతూ గీత దాటిన పిల్లాడికి లేచి నిలబడి చప్పట్లు కొడతాం. కాలు మడతపడి మధ్యలో ఆగిపోయిన పిల్లాడి దగ్గరకు నీళ్ల సీసాతో వెళ్లేది ఎవరో ఒకరిద్దరే. అందుకే చాలామంది పిల్లలు నొప్పి చెప్పరు. జట్టులోంచి తీసేస్తారని భయం, ఇంట్లో తిడతారని భయం. టోక్యోకు ముందు అబెబె కూడా నొప్పిని ఓర్చుకునే పరుగెత్తాడు. నేల మీద పడ్డాకే అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు.

1969 మార్చిలో ఒక రాత్రి అతను నడుపుతున్న కారు బోల్తా పడింది. తెల్లవారేదాకా అందులోనే ఇరుక్కుపోయాడు. వెన్నెముక దెబ్బతింది, నడక పోయింది. చికిత్స కోసం ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి పంపారు. పారాలింపిక్స్‌కు పునాది పడింది అక్కడే. అక్కడే అతను విల్లు పట్టాడు. 1970లో చక్రాల కుర్చీలో కూర్చుని విలువిద్య పోటీల్లో పాల్గొన్నాడు. మరుసటి ఏడాది నార్వేలో దివ్యాంగుల పోటీలకు వెళ్లి, మంచు మీద బండి నడిపే 25 కిలోమీటర్ల పందెంలో మొదటివాడిగా వచ్చాడు. మంచు దేశాల వాళ్లతో పోటీపడి మరీ.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు అతిథిగా పిలిచారు. మారథాన్ గెలిచిన అమెరికా ఆటగాడు ఫ్రాంక్ షార్టర్ పతకం అందుకున్నాక అతని చక్రాల కుర్చీ దగ్గరకు వచ్చి చేయి కలిపాడు. ఏడాది తిరిగాక, 1973 అక్టోబరు 25న, మెదడులో రక్తస్రావమై అబెబె చనిపోయాడు. వయసు 41. అడిస్ అబాబాలో అంత్యక్రియలకు వేలాది మంది వచ్చారు. చక్రవర్తి దేశమంతటా సంతాప దినం ప్రకటించాడు.