పల్లెవారి చరిత్రకారుడు: సురవరం ప్రతాపరెడ్డి గారు

చరిత్ర యనగానే రాజుల పేళ్లు, యుద్ధముల తేదీలు మనకు స్ఫురించును. కుల్కచర్ల వంటి గ్రామమున పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటల నాడిరి యని యడిగినచో సమాధానము చెప్పు పుస్తకము చిరకాలము తెలుగున లేకుండెను. ఆ కొరతను తీర్చిన మహనీయుడు దూరదేశమువాడు కాడు. మనకు దక్షిణమున నున్న పాలమూరు సీమవాడే.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన బోరవెల్లి గ్రామమున జన్మించిరి. స్వగ్రామము గద్వాల ప్రాంతములోని ఇటిక్యాలపాడు. మద్రాసులో బి.ఎ. చదివి, న్యాయశాస్త్రపట్టము పొంది, కొంతకాలము వకీలుగా నుండిరి గాని, ఆ వృత్తి వారిని నిలుపలేదు. హైదరాబాదు రెడ్డి హాస్టలు కార్యదర్శిగా నుండి విద్యార్థులకు అండయైరి.

గ్రామమున గ్రంథాలయము పెట్టుటకును సర్కారు అనుమతి కావలసిన ఆ నిజాం కాలమున, 1926 మే 10న వారు గోలకొండ పత్రికను స్థాపించిరి. పల్లెల నుండి వచ్చు ఉత్తరములకు, వెట్టిచాకిరి మొరలకు, ఉద్యోగుల లంచముల వార్తలకు అందు చోటు లభించెను. పటేలు పట్వారీల దోషములును అందు దాచబడలేదు. గ్రామలెక్కలు వ్రాయువాడను గనుక నాకది కొంచెము చేదుగనే యుండును. అయినను మన సీమ చరిత్ర వ్రాయదలచినవానికి ఆ పాత సంచికలను మించిన సాక్ష్యము అరుదు. సర్కారు దస్త్రములో శిస్తు కనబడును, శిస్తు కట్టినవాని బాధ కనబడదు.

తెలంగాణమున తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసెను. లెక్కల భాషలో పూజ్యమనగా సున్న. రెడ్డిగారు వాదమునకు దిగక, లెక్కకే దిగిరి. పత్రికలో ప్రకటించి ఊరూర నుండి కవుల పేళ్లను, వివరములను, పద్యములను తెప్పించిరి. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు చేరిరి. ఆనాడు టపాలో వచ్చిన ఆ కాగితములే లేకున్నచో వీరిలో పలువురి పేళ్లు నేడు మనకు దక్కెడివి కావు. మన యిండ్ల సందూకలలో చెదలు తినుచున్న ఉత్తరములను చూచినప్పుడెల్ల నాకు ఈ సంచికయే జ్ఞప్తికి వచ్చును.

వారి మహాకార్యము 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. తూర్పు చాళుక్యుల కాలము మొదలు 1907 వరకు తెలుగువారి బ్రదుకు అందు వర్ణింపబడినది. శాసనములు, విదేశయాత్రికుల వ్రాతలు చాలనిచోట వారు కావ్యములనే దస్త్రములుగా చదివిరి. క్రీడాభిరామము నుండి ఓరుగంటి పూటకూళ్ల యిల్లును, కోడిపందెములను. శుకసప్తతి నుండి పల్లె కాపుల సంసారమును. హంసవింశతి నుండి బాలుర యాటలను, వృత్తులవారి పనిముట్లను బయటికి తీసిరి. పూర్వకవి ఒక ఆట పేరు చెప్పగా, నిఘంటుకారుడు క్రీడావిశేషమని వ్రాసి చేతులు దులుపుకొనుట వారికి మిక్కిలి కోపము తెప్పించెను. ఆ కోపము న్యాయమైనదే. మనవారి నోట నేటికిని ఆడుచున్న మాటకు అర్థము కొరకు పల్లెకు పోక, మరెక్కడికి పోవలెను?

కవి వర్ణన పహాణీ నకలు కాదనియు, అతిశయోక్తిని తీసివేసి చదువవలెననియు నా యభిప్రాయము. రెడ్డిగారును ఒక కావ్యమును మరియొకదానితో సరిచూచియే ముందుకు సాగిరి.

1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్రమహాసభకు వారే అధ్యక్షులు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైరి. మరుసటి సంవత్సరమే, 1953 ఆగస్టు 25న, పరమపదించిరి. తెలుగునకు కేంద్ర సాహిత్య అకాడమీ ఇచ్చిన మొదటి పురస్కారము 1955లో ఈ సాంఘిక చరిత్రకే లభించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేకపోయెను.