గిటార్ వాయించడం రాదు.. కానీ ఆయన ఆంప్‌ను లండన్‌లోనూ కాపీ చేశారు! రేడియో మెకానిక్ లియో ఫెండర్ కథ

హుజూర్‌నగర్: అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన పాత గిటార్ ఆంప్ కావచ్చు, బ్యాండ్ వాళ్ల దగ్గర చవగ్గా దొరికిన సెకండ్ హ్యాండ్ పెట్టె కావచ్చు. వెనక నుంచి చూస్తే లోపల గాజు బల్బుల్లాంటివి ఎర్రగా వెలుగుతుంటాయి. అవే వాల్వులు. గిటార్ వాళ్లు ట్యూబులంటారు. అందులో ఒకటి పోతే ఏది కొనాలి? నంబర్ కొంచెం అటూ ఇటూ అయితే నడుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఒక రేడియో మెకానిక్ జీవితం తెలుసుకోవాలి. ఆయన పేరు లియో ఫెండర్.

తోటలో పుట్టిన పిల్లాడు

అసలు పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టారు. అమ్మానాన్నలది వ్యవసాయం. అనహైమ్, ఫుల్లర్టన్ ఊళ్ల మధ్య నారింజ తోటలున్న ప్రాంతం. సాగర్ ఎడమ కాలువ కింద మనకు వరి ఎలాగో, అక్కడ నారింజ అలాగ.

ఎనిమిదేళ్ల వయసులో కణితి వల్ల ఎడమ కన్ను తీసేశారు. అప్పటి నుంచి గాజు కన్నే. ఆ తర్వాత ఆయన్ని పట్టుకున్న పిచ్చి రేడియో. శాంటా మారియాలో బంధువు ఒకరికి బండ్ల ఎలక్ట్రికల్ షాపు ఉండేది. అక్కడ చూసిన రేడియో మోత చెవుల్లోంచి పోలేదట. ఇంటికొచ్చి స్కూల్ చదువుకుంటూనే రేడియోలు విప్పడం, బిగించడం మొదలుపెట్టారు.

విచిత్రం ఏంటంటే కాలేజీలో చదివింది మాత్రం అకౌంటెన్సీ. ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ లేదు. లెక్కలు రాసే ఉద్యోగాలే చేశారు. 1934లో ఎస్తర్‌తో పెళ్లయింది. ఆమె టెలిఫోన్ కంపెనీలో పని చేసేది. అదే సమయంలో అమెరికాలో ఆర్థిక మాంద్యం. లియో ఉద్యోగం పోయింది.

600 డాలర్ల అప్పు.. ఒక చిన్న షాపు

1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టారు. రేడియోలు బాగు చేయడం, రికార్డులు అమ్మడం, ఫంక్షన్లకు మైక్ సెట్లు అద్దెకివ్వడం.. ఇదే పని. మన దగ్గర బస్టాండ్ పక్కన ఉండే రేడియో, సౌండ్ సర్వీస్ షాపు లాంటిదే అనుకోండి.

షాపుకు వచ్చే వాళ్లలో సంగీతం వాయించేవాళ్లు ఎక్కువ. వాళ్ల ఆంపులు తరచూ పాడయ్యేవి. వాటిని విప్పి చూస్తే లియోకు ఒక విషయం అర్థమైంది. లోపలి పని సర్కస్‌లా ఉంది. వైర్లు ఎక్కడికక్కడ వేలాడుతున్నాయి. ఏ భాగం మార్చాలన్నా ఇంకో నాలుగు విప్పాలి. రోజూ ఊరూరా తిరిగే కళాకారుడికి ఇలాంటి పెట్టె పనికిరాదు.

కన్ను లేకపోవడంతో రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి వెళ్లలేదు. ఆ టైమ్‌లోనే డాక్ కాఫ్‌మన్ అనే సంగీతకారుడితో కలిసి చిన్న గిటార్లు, ఆంపులు తయారు చేశారు. అప్పుల భయంతో 1946లో కాఫ్‌మన్ తప్పుకున్నారు. లియో ఒక్కడే ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ మొదలుపెట్టారు. మొదటి కొన్నేళ్లు జీతాలకే కటకట. ఇంట్లో ఎస్తర్ జీతమే ఆసరా.

విప్పడానికి వీలుగా కట్టిన పెట్టె

1950లో ఘన చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చారు. అదే తర్వాత టెలికాస్టర్ అయింది. 1951లో ప్రెసిషన్ బేస్, 1954లో స్ట్రాటోకాస్టర్. జిమి హెండ్రిక్స్ చేతిలో కనిపించే గిటార్ అదే. ఇంత చేసిన మనిషికి గిటార్ వాయించడం రాదు! చిన్నప్పుడు పియానో, శాక్సోఫోన్ మాత్రం కొంత నేర్చుకున్నారు.

గిటార్ల పేరు మోగింది కానీ, ఆయనలోని మెకానిక్ కనిపించేది ఆంపుల్లోనే. ట్యూబులన్నీ వెనక నుంచి చెయ్యి పెడితే అందేలా సాకెట్లలో వేలాడతాయి. లోపల భాగాలన్నీ ఒకే బోర్డు మీద వరసగా, చేత్తో సోల్డర్ చేసి ఉంటాయి. ఫ్యాక్టరీలో ఆ పని చేసిన చాలామంది మహిళలు. ఎవరు బిగించారో తెలిసేలా చిన్న టేప్ ముక్క మీద పేరు రాసి లోపల అంటించేవారు. పాత ఆంప్ విప్పితే ఇప్పటికీ ఆ పేర్లు కనిపిస్తాయి.

ఇంకోటి. పెట్టె లోపల ఒక కాగితం అంటించేవారు. ఏ సాకెట్లో ఏ ట్యూబ్ వేయాలో అందులో ఉంటుంది. ఎక్కడో మారుమూల ఊళ్లో ట్యూబ్ పోయినా, ఆ కాగితం చూసి షాపులో కొత్తది కొని పెట్టుకోవచ్చు. అప్పట్లో అమెరికాలో రేడియో ట్యూబులు ప్రతి ఊళ్లో దొరికేవి. లియో కూడా అరుదైన ట్యూబుల జోలికి పోకుండా మామూలుగా దొరికేవే ఎంచుకున్నారు.

ఏ ట్యూబ్ ఏం చేస్తుంది?

గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని మొదట పెంచేవి చిన్న ట్యూబులు. 12ఏఎక్స్7 అందులో ముఖ్యమైనది. దీని పెంచే శక్తి 100. 12ఏవై7 అయితే దాదాపు 40. రెండూ ఒకే సాకెట్లో పడతాయి. శబ్దం త్వరగా చిరిగినట్టు అవుతోందంటే మొదటి సాకెట్లో 12ఏవై7 వేసి చూడొచ్చు. లియో తన 1950ల ఆంపుల్లో చాలావాటికి మొదటి ట్యూబ్‌గా దాన్నే వాడారు. వీటికి సెట్టింగ్ అక్కర్లేదు. తీసి పెట్టడమే.

స్పీకర్‌ను కదిలించేవి పెద్ద ట్యూబులు. చిన్న చాంప్ ఆంప్‌లో ఒక 6వీ6. డీలక్స్‌లో రెండు. పెద్ద ట్విన్ రివర్బ్‌లో నాలుగు 6ఎల్6లు, 85 వాట్లు. ఇక్కడే జాగ్రత్త! 6వీ6, 6ఎల్6 రెండూ ఒకే సాకెట్లో దిగుతాయి. కానీ 6ఎల్6 లోపలి ఫిలమెంట్‌కు రెట్టింపు కరెంట్ కావాలి. 0.45 ఆంపియర్లు ఎక్కడ, 0.9 ఎక్కడ? చిన్న ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ బరువు మోయలేక కాలిపోవచ్చు. ఈఎల్34 అయితే ఇంకా ఎక్కువ, 1.5 ఆంపియర్లు. సాకెట్లో పట్టింది కదా అని పెట్టకూడదు.

మన పాత రేడియోల్లో ఎక్కువగా కనిపించే ఈఎల్84 వేరే రకం. దానికి 9 కాళ్లు, 6వీ6కు 8. అది ఇందులో దిగనే దిగదు. పేర్ల విషయంలో ఒక చిన్న సంగతి. యూరప్ వాళ్లు ఈసీసీ83 అనేది, అమెరికా వాళ్లు 12ఏఎక్స్7 అనేది ఒకటే. మన బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఒకప్పుడు వాల్వులు తయారు చేసింది. ఇప్పుడు కొత్తవి రష్యా, స్లొవేకియా, చైనా నుంచి వస్తున్నాయి.

లండన్‌లో ఏం జరిగింది?

ట్యూబ్ మారితే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద ఉదాహరణ ఉంది. 1962లో లండన్‌లో డ్రమ్ముల షాపు నడిపే జిమ్ మార్షల్, ఫెండర్ బాస్‌మన్ ఆంప్‌ను చూసి దాదాపు అలాగే తన మొదటి ఆంప్ కట్టించారు. సర్క్యూట్ అదే. కానీ చిన్న ట్యూబ్ దగ్గర ఈసీసీ83, పెద్ద ట్యూబ్ దగ్గర కొన్నాళ్లకు కేటీ66, ఆ తర్వాత ఈఎల్34 వచ్చాయి. స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా అక్కడివే. శబ్దం గరుకుగా మారిపోయింది. రాక్ సంగీతం మొత్తం ఆ శబ్దం వెంట పడింది.

చచ్చిపోతానేమో అని అమ్మేశారు

1950ల్లో లియోకు సైనస్ ఇన్ఫెక్షన్ పట్టుకుంది. ఏళ్ల తరబడి తగ్గలేదు. తాను ఎక్కువ కాలం బతకనని ఆయన నమ్మారు. పోయాక కంపెనీ, పనివాళ్ల సంగతేంటి? ఆ భయంతోనే 1965 జనవరిలో కంపెనీని సీబీఎస్ సంస్థకు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశారు. అమ్మిన తర్వాత డాక్టర్‌ను మార్చారు. గట్టి డోసు యాంటీబయాటిక్స్‌తో జబ్బు నయమైపోయింది! కానీ కంపెనీ మాత్రం చేతిలో లేదు.

సీబీఎస్ వచ్చాక 1966లో ట్యూబులు లేని ట్రాన్సిస్టర్ ఆంపులు తెచ్చారు. అవి నిలబడలేదు. కొన్నేళ్లకే ఆపేశారు. పాత ఫెండర్ల ధర మాత్రం పెరుగుతూ పోయింది. చివరికి 1985లో ఉద్యోగులే ముందుకొచ్చి కంపెనీని కొన్నారు.

లియో ఖాళీగా కూర్చోలేదు. 1970ల్లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీకి పని చేశారు. 1979లో ఎస్తర్ చనిపోయారు. 1980లో పాత మిత్రుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ కంపెనీ పెట్టారు. పార్కిన్సన్స్ వ్యాధి వచ్చినా రోజూ వర్క్‌షాపుకు వెళ్లారు. 1991 మార్చి 21న చనిపోయారు. ముందు రోజు కూడా పనిలోనే ఉన్నారు. మరుసటి ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

మీ దగ్గర ఆంప్ ఉంటే ఇవి చూసుకోండి

* అమెరికా ఆంప్ 120 వోల్టులది. మన ఇంట్లో కరెంట్ 230. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెడితే ట్యూబులతో పాటు చాలా పోతాయి.

* ట్యూబ్ కొనే ముందు పెట్టె లోపలి కాగితం, లేదా ట్యూబ్ మీది నంబర్ చూడండి. అదే నంబర్ కొనండి.

* పెద్ద ట్యూబులు ఎన్ని ఉంటే అన్నీ ఒకేసారి, జత కుదిరినవే మార్చండి. బాస్‌మన్, ట్విన్ లాంటి వాటికి ఆ తర్వాత బయాస్ సెట్ చేయించాలి. చాంప్‌కు ఆ పని లేదు.

* గాజు లోపలి పైపూత తెల్లగా మారితే ట్యూబ్‌లోకి గాలి వెళ్లినట్టే. లోపలి రేకు ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపేయండి.

* స్పీకర్ వైరు తీసేసి ట్యూబ్ ఆంప్ నడపొద్దు.

* లోపల 400 వోల్టులకు పైగా ఉండొచ్చు. స్విచ్ ఆపి ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంట్ నిలిచే ఉంటుంది. ట్యూబ్ మార్చడం వరకే మీ పని, అది కూడా చల్లారాకే. చాసిస్ విప్పడం మాత్రం వాల్వ్ సెట్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌కు వదిలేయండి.