భూమి నాడి పట్టిన ఓల్డ్‌హామ్

నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో కరవు నెఱుగని తరము లేదు. కుందేరు పొంగి ఊళ్ల మీదికి వచ్చిన యేడులను పెద్దలు నేటికిని చెప్పుకొందురు. కాని భూకంపమన్న మాట వినబడినంతనే, అది హిమాలయముల చెంత కాపురముండువారి కష్టమనియు, మన దక్షిణాపథపు నేల కదలనిదనియు తలచుట మనకు అలవాటు. ఈ నమ్మికలో నిజమెంత, ప్రమాదమెంత అని తూచి చూచుటకు ఒక శాస్త్రజ్ఞుని జీవితము మంచి త్రాసు వంటిది. ఆయన పేరు రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. భూమి నడుమ ఒక కేంద్రపిండము గలదని భూకంపతరంగముల సాక్ష్యముతో మొట్టమొదట చూపిన కీర్తి ఆయనది. ఆ కీర్తికి పునాది పడినది భారతదేశముననే.

ఓల్డ్‌హామ్ 1858 జూలై 31న జన్మించెను. తండ్రి థామస్ ఓల్డ్‌హామ్ డబ్లిన్ నగరమున భూగర్భశాస్త్రాచార్యుడుగా నుండి, 1851లో కలకత్తాకు వచ్చి, భారత భూగర్భ పరిశోధన శాఖకు అధ్యక్షుడై, పాతికేండ్లు దానిని నడపెను. ఆయన క్రింద పనిచేసిన విలియమ్ కింగ్ కడప, కర్నూలు మండలముల శిలలను పరిశీలించి వ్రాసిన గ్రంథము 1872లో వెలువడినది. బనగానపల్లె, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల అను మన ఊళ్ల పేర్లు ఆ గ్రంథము మూలముగా శిలాస్తరముల పేర్లై, భూగర్భశాస్త్రమున స్థిరపడినవి. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ కుందేరు; ఈ లోయలోని నంద్యాల షేల్ అను పొరలరాయి, కోయిలకుంట్ల సున్నపురాయి ప్రాచీన సముద్రపు అడుగున పేరినవి. ఆళ్లగడ్డయు ఈ లోయలోనిదే.

థామస్ ఓల్డ్‌హామునకు భూకంపముల మీద ప్రత్యేకమైన ఆసక్తి యుండెను. 1869 జనవరి 10న కచార్ మండలమున పెద్ద భూకంపము వచ్చినపుడు, పగిలిన గోడలను, ఒరిగిన కట్టడములను కొలిచి, కంపము ఏ దిక్కునుండి వచ్చినదో నిర్ణయింప యత్నించెను. అదియునుగాక, పూర్వకాలము మొదలుకొని 1869 వఱకు భారతదేశమున సంభవించిన భూకంపముల నన్నిటిని ఒక పట్టికగా కూర్చుటకు పూనుకొనెను. 1876లో ఉద్యోగము విరమించి, 1878లో మరణించునాటికి ఈ రెండు పనులును అచ్చుకు ఎక్కలేదు.

మరుసటి యేడు, 1879లో, ఇరువది యొక్క యేండ్ల రిచర్డ్ అదే శాఖలో ఉద్యోగమున చేరెను. రగ్బీ పాఠశాలలోను, లండను గనిశాస్త్ర కళాశాలలోను చదివిన యువకుడు. తండ్రి విడిచిపోయిన కాగితములను విప్పి, సరిచూచి, కచార్ భూకంప వృత్తాంతమును 1882లోను, భూకంపముల పట్టికను 1883లోను ప్రకటింపజేసెను. తండ్రి ఋణము తీర్చుట మాత్రమే ఆయన ఉద్దేశమై యుండవచ్చును. కాని ఆ పనియే ఆయనను జీవితాంతము విడువని విద్యకు శిష్యుని చేసినది.

పట్టిక వ్రాయుట చిన్నపనిగా తోచును. కాని భూకంపములు అరుదుగా వచ్చు దేశమున దాని విలువ చాల గొప్పది. ఏటేట వచ్చు వరదను జనము మరువరు. నూఱేండ్లకో, ఇన్నూఱేండ్లకో ఒకసారి వచ్చు కంపమును తాత చూచినను మనుమడెఱుగడు, మునిమనుమడు నమ్మడు. 1843 ఏప్రిల్ 1న మనకు పొరుగుననున్న బళ్లారి సీమలో భూమి గట్టిగా కంపించినది. ఆ సంగతి నేడు ఆ ప్రాంతమున ఎందఱికి తెలియును? మనుష్యుల జ్ఞాపకము ఎక్కడ ఆగిపోవునో, అక్కడనుండి కాగితము మీది లెక్క పనిచేయవలెను. ఓల్డ్‌హాములు, తండ్రీకొడుకులు, చేసిన మొదటి ఉపకారమిది.

తరువాత రిచర్డ్ హిమాలయములలోను, ఇతర ప్రాంతములలోను శిలాపరిశోధన సాగించెను. 1893లో భారత భూగర్భశాస్త్ర సంగ్రహమునకు రెండవ కూర్పును చాలవఱకు తానే తిరిగి వ్రాసి వెలువరించెను. కడప, కర్నూలు శిలల వర్ణనయు అందు కలదు. నాలుగేండ్లకు ఆయన జీవితమున పెద్ద పరీక్ష వచ్చినది.

1897 జూన్ 12, సాయంకాలము అయిదుంబావు. అస్సామును, షిల్లాంగు పీఠభూమిని మహాభూకంపము కుదిపివేసినది. షిల్లాంగులో రాతికట్టడములు నేలమట్టమైనవి. బ్రహ్మపుత్ర మైదానమున నేల చీలి, ఇసుకయు నీరును పైకి చిమ్మినవి. పదునేడున్నర లక్షల చదరపు మైళ్ల మేర కంపము జనులకు తెలిసినది. ఇంత విధ్వంసము జరిగినను మృతులు సుమారు 1,500 మంది. అది సాయంకాలమగుటచే జనులు చాలమంది ఇండ్ల వెలుపల నుండిరి. అదే అర్ధరాత్రి అయియున్నచో ఆ లెక్క ఎన్ని రెట్లు పెరిగెడిదో ఊహింపవచ్చును.

ఆ విపత్తును పరిశోధించు భారము ఓల్డ్‌హాము మీద పడెను. ఆయన సహోద్యోగులను నలుదిక్కులకు పంపి, తానును కొండలు, అడవులు తిరిగెను. ఊరూర నుండి కంపము వచ్చిన వేళ, దాని తీవ్రత, పగిలినవేవి, నిలిచినవేవి అని సమాచారము రాబట్టెను. ఒరిగిన స్తంభములను, సమాధిశిలలను కొలిచి, నేల ఎంత వేగమున ఊగినదో లెక్కగట్టెను. కొన్నిచోట్ల నేలమీది రాళ్లు తమ గుంటలనుండి పైకెగిరి ప్రక్కన పడినవని గుర్తించి, భూమి ఆకర్షణను మించిన బలము వానిని ఎగురవేసినదని నిర్ధరించెను. చెడ్రాంగ్ నది వెంట నేల రెండుగా తెగి, ఒక ప్రక్క 35 అడుగుల వఱకు పైకి లేచుటను కనుగొనెను. 1899లో వెలువడిన ఆయన నివేదిక నేటికిని భూకంపశాస్త్రమున ఒక ప్రమాణగ్రంథము.

ఆ నివేదికలో సామాన్యుడు తెలిసికొనదగిన విషయమొకటి కలదు. ఒకే ఊరిలో, ఒకే కంపమునకు, అన్ని ఇండ్లును ఒకే తీరున లొంగలేదు. బరువైన రాతిగోడలు కూలినవి. కొయ్యచట్రము కట్టి రెల్లుతో తడికలల్లి పూత పూసిన తేలిక ఇండ్లు వానికంటె మేలుగా నిలిచినవి. పలకలతో కట్టిన కొయ్య ఇండ్లు దాదాపు చెక్కుచెదరలేదు. అస్సాము వారు ఈ పాఠమును మరువలేదు. కొయ్యచట్రము, తడికగోడ, తేలికకప్పు గల ఇండ్లు పిమ్మట ఆ దేశమున వ్యాపించి, అస్సాము ఇల్లు అను పేరనే ప్రసిద్ధికెక్కినవి. భూమి ఊగుట మన చేతిలో లేదు. ఇల్లు ఎట్లు కట్టుకొందుమన్నది మన చేతిలోనిదే.

ఓల్డ్‌హాము బుద్ధి అంతటితో ఆగలేదు. 1897 నాటి కంపమును వేలమైళ్ల దూరమున ఇటలీలోని యంత్రములు గుర్తించినవి. ఆ రేఖలను పరిశీలించి, ఒకే భూకంపమునుండి మూడు విధములైన తరంగములు బయలుదేరుననియు, మొదటిది వేగవంతమైనదనియు, రెండవది దాని వెనుక వచ్చుననియు, మూడవది భూమి ఉపరితలము వెంట సాగుననియు 1900లో వివరించెను. భారతదేశమునను 1898లో కలకత్తా అలీపూరున భూకంపమాపక కేంద్రము నెలకొన్నది. 1903లో అనారోగ్యముచే ఉద్యోగము మానుకొని స్వదేశమునకు మరలిన తరువాత, 1906లో ఆయన మఱొక అడుగు ముందుకు వేసెను. దూరదేశములకు చేరు తరంగములు భూమి నడుమ గుండా పోవునపుడు ఆలస్యమగుటను గమనించి, అక్కడ భిన్నమైన పదార్థముతో నిండిన కేంద్రపిండము గలదని చూపెను. వైద్యుడు మణికట్టు పట్టి గుండె స్థితి చెప్పినట్లు, ఆయన కంపరేఖలను పట్టి భూగర్భము స్థితి చెప్పెను.

గౌరవములు ఆయనను వెదకికొని వచ్చినవి. 1908లో లయల్ పతకము, 1911లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1920 నుండి 1922 వఱకు లండను భూగర్భశాస్త్ర సంఘాధ్యక్షత. 1926లో, అరువది యెనిమిదవ యేట, 1819 నాటి కచ్ భూకంపమును గూర్చి మఱొక గ్రంథము ప్రకటించెను. దానితోపాటు, తనకు పేరు తెచ్చిన అస్సాము భూకంప నిర్ణయములనే తిరిగి పరీక్షించి సవరించెను. తాను వ్రాసినదే వేదమని పట్టుపట్టకపోవుట నిజమైన శాస్త్రజ్ఞుని లక్షణము. 1936 జూలై 15న వేల్సు దేశమున ఆయన కన్నుమూసెను.

ఆయన గతించిన తరువాత మన దక్షిణాపథము తన్ను గూర్చిన నమ్మికను తానే పరీక్షించుకొన్నది. 1967 మార్చి 27న ఒంగోలు సీమ కంపించినది. ఆ యేడే డిసెంబరు 11న మహారాష్ట్రమున కొయనా భూకంపము ప్రాణములు తీసినది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతమున 5.7 పరిమాణముగల భూకంపము వచ్చినది. 2024 డిసెంబరు 4న ములుగు సీమలో 5.3 పరిమాణముతో భూమి కదలినది. భారతభూఖండము ఉత్తరమున ఆసియాను నెట్టుచున్నందున, ఆ ఒత్తిడి నడిమి దేశమునకును ప్రాకును. ఎక్కడనో పాతబడిన ఒక పగులు ఆ ఒత్తిడికి ఓర్వలేక జాఱినపుడు, ఎన్నడును కదలదనుకొన్న నేల కదలును.

వీనిలో మనవారు మరువరానిది 1993 సెప్టెంబరు 30. లాతూరు మండలమున కిల్లారి గ్రామము. గణపతి నిమజ్జనము ముగించికొని జనులు ప్రొద్దుపోయి నిద్రించిరి. తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషములకు భూమి కంపించినది. పరిమాణము 6.2 మాత్రమే, అస్సాము భూకంపముతో పోల్చిన చాల చిన్నది. కాని సుమారు పదివేలమంది మరణించిరి. అప్పటి దేశపటములో ఆ చోటు అన్నిటికంటె తక్కువ ప్రమాదముగల మొదటి మండలములోనిది. 1897 నాటి సాయంకాలము కాపాడినదానిని 1993 నాటి తెల్లవారుజాము కాపాడలేదు.

అక్కడ జనులను చంపిన ఇల్లు ఎట్టిది? మట్టి అడుసుతో పేర్చిన మందపు రాతిగోడ. దూలముల మీద అడుగునకు మించి పేరుకొన్న మట్టికప్పు. ఈ వర్ణన వినిన నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలవారికి ఏమి స్ఫురించును? మన మట్టిమిద్దె. రాతిగోడ, దూలములు, దంతెలు, వానకు కారకుండ పోసిన చవుడుమన్ను. ఎండకు చల్లనగు ఈ మిద్దె మన సీమకు తగిన ఇల్లే. కాని యేటేట పాతది తీయక క్రొత్త చవుడు పోసిన కొలది నెత్తిమీద బరువు పెరుగును. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగుటచే గోడలు ముందే నెఱ్ఱెలిచ్చును. 2002లో సవరించిన దేశపటము నంద్యాల సీమను తక్కువ ప్రమాదముగల రెండవ మండలమున ఉంచినది. తక్కువ యనగా లేదని కాదు. కిల్లారికి వ్రాసిన మాటయు తక్కువ యనియే.

ఇందుకు రాయి దోషి కాదు. రాతి గుణము ఆళ్లగడ్డ శిల్పులకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. దోషము కూర్పులో నున్నది. రెండు ముఖములుగా పేర్చి నడుమ గులకరాళ్లు పోసిన గోడ, కంపము రాగానే రెండుగా విచ్చిపోవును. ఈ ముఖము నుండి ఆ ముఖము వఱకు పోవు పొడవురాళ్లను అక్కడక్కడ పెట్టినచో గోడ ఒక్కటై నిలుచును. తలుపుల, కిటికీల పైమట్టమున ఇల్లంతటిని చుట్టి ఇనుపకడ్డీలతో కాంక్రీటు పట్టీ పోసినచో, పెట్టెకు త్రాడు కట్టినట్లు నాలుగు గోడలు కలిసియుండును. పాత మిద్దెలపై అదనపు మన్ను తీసివేయుట, మూలల పగుళ్లను పూతతో మఱుగుపఱపక బిగించి కట్టుట వ్యయసాధ్యములు కావు.

ఉపాధ్యాయులు చేయదగిన పని మఱొకటి కలదు. కంపము వచ్చినపుడు బల్ల క్రింద దూరి తల కాచుకొనుట, అది ఆగిన పిదప త్రోపులాట లేక వరుసగా బయటికి వచ్చుట పిల్లలచే ఏడాదికి ఒకటి రెండు మారులైన అభ్యసింపజేయవలెను. బరువైన బీరువాలను గోడకు బిగింపవలెను. చిన్న కంపమైనను తెలిసినపుడు తేది, వేళ, ఏ వస్తువు కదలినది, ఎంతసేపు అని విద్యార్థులచే వ్రాయించి పాఠశాలలో భద్రపఱుపవలెను. ఓల్డ్‌హాము మహాగ్రంథమును నిలిపినవి అట్టి చిన్న చిన్న సమాచారములే.

భూకంపము ఏనాడు వచ్చునో ముందుగా చెప్పు విద్య ఓల్డ్‌హామునకు లేదు, నేటివారికిని లేదు. ఏ గోడ పడునో, ఏ గోడ నిలుచునో చెప్పు విద్య మాత్రము ఆయన నాడే మనకు దక్కినది. కుందేరు లోయలో భూమి ఇంకను ఎన్ని తరములు నిదురించునో ఎవరికిని తెలియదు. అది మేలుకొను దినమున మన మిద్దెలు, మన బడులు నిలిచియుండవలెనన్నచో, అది నిదురించునపుడే పని కావలెను.