బోదకాలుకు మందిచ్చిన యల్లాప్రగడ

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ వ్యాధి బలిగొంది. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో శాశ్వత కొలువు దక్కక 1940లో లెడర్లీ సంస్థకు మారారు. అక్కడ ఆయన బృందం 1947లో హెట్రజాన్‌ను వెలుగులోకి తెచ్చింది. గోదావరి తీరం నుంచి సూరత్ దాకా బోదకాలు పీడిత ప్రాంతాలకు అదే ప్రధాన ఔషధమైంది.

ఫైలేరియా పురుగులు శోషరస నాళాల్లో, గ్రంథుల్లో తిష్ఠ వేస్తాయి. నాళాల లోపల వరుసగా ఉండే చిన్న కవాటాలు రసాన్ని ముందుకే పోనిస్తాయి. పురుగులున్నచోట నాళం సాగి, కవాటాలు సరిగా మూసుకోవు. రసం నిలిచి కాలు వాస్తుంది. చెడిన కవాటాలను ఏ మాత్రా బాగుచేయదు. రక్తంలోని పిల్ల పురుగులను హతమార్చి, దోమల ద్వారా ఇంకొకరికి పాకకుండా చూడటమే హెట్రజాన్ చేసే మేలు.

1955లో దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఆయన 1948లోనే, 53 ఏళ్లకే, న్యూయార్క్‌లో కన్నుమూశారు.