కందుకూరి వీరేశలింగము పంతులుగారు: కథలచేఁ దెలుఁగు నేర్పిన గురువు

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల బాలబాలికలు వరిమళ్లను, చెఱకుతోఁటలను, నిజాముసాగరు కాలువలను జూచి పెరిగినవారు. వీరిలోఁ బెక్కండ్రు ద్రాక్షతోఁటను గన్నులఁ జూచి యెఱుఁగరు. అయినను దనకు దొరకనిదానిని నిందించువానిఁ జూచి, అందని ద్రాక్షపండ్లు పుల్లనివని యెవరైన ననినచో, వీరందఱును దాని భావము గ్రహించి నవ్వుదురు. ఆ నక్క మన చెఱువుగట్టు నక్క కాదు. గ్రీసుదేశమున ఈసపు పేరఁ బ్రసిద్ధమైన కథలలోనిది. ఇట్టి పరదేశపుఁ గథలను మన బాలుర కందునట్లు తెలుఁగున వ్రాసిన పెద్దలలో వీరేశలింగము పంతులుగారు ముఖ్యులు. వారు సంఘసంస్కర్తలని యందఱు నెఱుఁగుదురు గాని, బడిపంతులని తలఁచువారు కొందఱే. కాఁబట్టి వారి జీవితమును ఆ వైపునుండి చెప్పఁదలఁచితిమి.

పంతులుగారు 1848 వ సంవత్సరము ఏప్రిలు 16 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తల్లి పున్నమ్మగారు, తండ్రి సుబ్బారాయుఁడుగారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతింపఁగా, తండ్రి సోదరుఁడైన వేంకటరత్నముగారు వీరిని బెంచిరి. బాల్యమునుండియు దేహము దుర్బలము. కాసవ్యాధి జన్మాంతము వీడలేదు. అయినను జదువునం దాసక్తి తగ్గలేదు.

యౌవనమున వీరును నాఁటి పండితులవలెనే శబ్దాలంకారములయందు మోజుపడిరి. పెదవులు తాఁకి పలుకు నక్షరములు లేకుండ, అచ్చతెనుఁగున, నడుమ వచన మించుకయు లేకుండ నలచరిత్రమును గావ్యముగా వ్రాసిరి. అది శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము. అట్టి కావ్యము వ్రాయుట సామాన్యమైన నేర్పు కాదు; గాని చదివి తెలిసికొనఁగలవారు మిక్కిలి కొలఁదిమంది. పిమ్మట వీరు కోరంగిలోను, ధవళేశ్వరములోను బాఠశాలలయం దుపాధ్యాయులుగా నుండిరి. నిత్యము పిల్లల నెదుటఁ గూర్చుండఁబెట్టుకొని చెప్పువానికి, విద్యార్థి కర్థముకాని మాట యెంత సొగసైనను వ్యర్థమని తెలియక మానదు. వీరి వచనము నానాఁటికి సులభమగుచు వచ్చెను. 1874 లో వివేకవర్ధని యను పత్రికను స్థాపించిరి. ఆ యేఁడే ధవళేశ్వరమున బాలికలకుఁ బాఠశాల పెట్టిరి.

పరవస్తు చిన్నయసూరిగారు 1853 లో నీతిచంద్రికను బ్రకటించి మిత్రలాభమును, మిత్రభేదమును మాత్రమే తెలుఁగువారి కిచ్చిరి. తక్కిన విగ్రహమును, సంధిని వీరేశలింగము పంతులుగారు రచించిరి. ఈసపు కథలను నీతికథామంజరి యను పేరఁ దెలిఁగించిరి. ఇంగ్లీషు గ్రంథకర్త గోల్డుస్మిత్తుగారి నవల నాధారముగాఁ గొని, రాజశేఖర చరిత్రమును వ్రాసిరి. గాని కథను మన ధవళేశ్వరమునకుఁ దెచ్చి, మన యిండ్ల యాచారములతో నింపిరి. స్విఫ్టుగారి గలివరు యాత్రల ననుసరించి సత్యరాజా పూర్వదేశయాత్రలను గూర్చిరి. అందు ఆడుమళయాళమను దేశమున స్త్రీలే యధికారులు. మన దేశమున స్త్రీలు పడు బాధలన్నియు నచ్చటఁ బురుషులు పడుచుందురు. చదువరి మొదట నవ్వును. పిమ్మటఁ దన యింటిని దలఁచుకొని సిగ్గుపడును. ఎదుట నిలిచి నిందించినచోఁ జెవులు మూసికొనువాఁడు కథయైనచో వినును గదా.

ఇక్కడ మా యనుభవ మొకటి చెప్పవలసియున్నది. ఉపాధ్యాయ శిక్షణ ముగించి వచ్చిన క్రొత్తలో మేము అలంకారములను లక్షణములచేతనే నేర్పుచుంటిమి. పిల్లలు ఉపమకును, రూపకమునకును లక్షణములను దప్పులేక యొప్పగించెడివారు. గాని పాఠమున నలంకారమును జూపుమన్న మిన్నకుండెడివారు. ఒకనాఁడు పరీక్ష తప్పిన బాలుఁ డొకఁడు, ఆ చదువువలన లాభమేమియు లేదని తోడివారితోఁ జెప్పుచుండఁగా, వెనుకబల్లమీఁది పిల్లవాఁడు నక్క పేరెత్తెను. తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుని కన్నులు చెమర్చెను. నాఁడు మాకు రెండు సంగతులు తెలిసినవి. లక్షణ మొప్పగింపలేని పిల్లవాఁడు అన్యాపదేశమును జక్కఁగా నెఱుఁగునని యొకటి; అలంకారము వట్టి సొమ్ము గాక, మనస్సును గోయఁగల కత్తియు నగునని రెండవది. అప్పటినుండి మేము కథను ముందు చెప్పి, నక్క యెవరు, పండ్లేవి యని యడిగి, పిమ్మటనే లక్షణమును జెప్పుచున్నాము. ఆ కత్తి నెవరిమీఁద నెత్తఁగూడదో కూడఁ జెప్పుచున్నాము. ప్రభువైన యేసు ప్రజలకు బోధించినదియు విత్తువాఁడు, తప్పిపోయిన గొఱ్ఱె మొదలగు నుపమానములచేతనే గదా.

పంతులుగారు కథలు చెప్పుటతోఁ దనియలేదు. 1881 వ సంవత్సరము డిసెంబరు 11 వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. బంధువులు వెలివేసిరి, వంటవారును, నీళ్లవారును రామానిరి. భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీళ్లు మోసి, వచ్చినవారికి వండిపెట్టిరి. ఆ సాధ్వి 1910 లో గతించెను. పంతులుగారు తమ యాస్తిని హితకారిణీ సమాజమున కర్పించిరి. 1919 ఫిబ్రవరిలో వ్యావహారిక భాషను వ్యాపింపఁజేయుటకై రాజమహేంద్రవరమున సమాజ మేర్పడఁగా దాని కధ్యక్షులైరి. గ్రాంథికమున నన్ని గ్రంథములు వ్రాసిన వృద్ధుఁడు, పిల్లల మేలుకొఱకుఁ దన మార్గమును దానే మార్చుకొనుటకు వెనుదీయలేదు. ఆ యేఁడే మే 27 వ తేదీన మదరాసున దేహము చాలించిరి.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ నాయనమ్మగారినో, అమ్మమ్మగారినో యడిగి, మన పల్లెల కథ నొకదానిని వ్రాసి తెండు. దాని ప్రక్క ఈసపు కథ నొకదానిని బెట్టి, రెంటియందును లోపల దాఁగియున్న మనుష్యుఁ డెవరో వెదకుదము. తల్లిదండ్రులారా! పిల్లలు కథ యడిగినపుడు పనియున్నదని పంపివేయకుఁడు. బడిలో మేము జెప్పు పాఠమునకు మొదటి పుట మీయొద్దనే యున్నది.