డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్

నిజామాబాదు పట్టణం నుండి హైదరాబాదుకు వెళ్ళే దారిలో సుమారు 15 కిలోమీటర్ల దూరాన డిచ్‌పల్లి ఉంది. గుట్టమీది రామాలయ శిల్పసంపదను దర్శించడానికి వచ్చేవారికి ఈ ఊరు సుపరిచితం. అయితే ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో ఈ ఊరి పేరు దేశంలోని వైద్యుల నోట తరచుగా వినిపించడానికి కారణం ఇక్కడ వెలసిన ఒక కుష్ఠు వైద్యశాల. దానికి ప్రాణం పోసిన వైద్యురాలు ఇసబెల్ కెర్.

ఇసబెల్ 1875 మే 30న స్కాట్లండు దేశపు ఈశాన్య ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. పుట్టింటి పేరు గన్. స్కాట్లండు విశ్వవిద్యాలయాలు 1892 వరకు స్త్రీలను పట్టభద్రులుగా స్వీకరించలేదు. అంటే ఆమెకు పదిహేడేళ్ళు వచ్చేనాటికి గాని ఆ తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్న తలుపులో అడుగుపెట్టిన తొలితరం యువతులలో ఆమె ఒకరు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం చదివి 1903లో పట్టా పొందారు. అదే సంవత్సరం జార్జి కెర్‌తో ఆమె వివాహం జరిగింది. ఆయన మతబోధకుడు, వైద్యుడు కాదు. కొంతకాలం ఇంగ్లండులో పనిచేసిన తరువాత 1907లో వెస్లియన్ మెథడిస్టు సంస్థ పక్షాన ఆ దంపతులు నిజాం రాజ్యానికి వచ్చారు.

అప్పటికి ఇందూరు పట్టణం నిజామాబాదుగా పేరు మార్చుకొని ఎంతోకాలం కాలేదు. సికింద్రాబాదు నుండి మన్మాడు వెళ్ళే రైలుదారి పడింది గాని, పల్లెలకు వైద్యం అందే దారి ఇంకా పడలేదు. జ్వరాలకు, కాన్పులకు, గాయాలకు ఆమె వద్దకు వచ్చేవారితోపాటు, రావడానికి వెనుకాడి దూరంగా నిలబడేవారు కొందరు ఉండేవారు. వారిని ఊరు పేరు పెట్టి పిలిచేది కాదు. వారి జబ్బునూ పేరు పెట్టి పలికేది కాదు. పెద్దరోగం అనేవారు. ఆ మాట పడ్డ మనిషికి ఇంట్లో పంక్తి, ఊళ్ళో బావి, పొలంలో కూలి ఒకదాని వెంట ఒకటి దూరమయ్యేవి. సత్రాల ముంగిట, తీర్థాల దారిలో చేయి చాచడమే మిగిలేది.

1911లో ఇసబెల్ నిజామాబాదులో కుష్ఠురోగుల కోసం ఒక చిన్న చికిత్సా కేంద్రాన్ని ప్రారంభించారు. ఆ నిర్ణయంలోని సాహసాన్ని గ్రహించాలంటే నాటివారు ఈ వ్యాధిని ఏమని భావించారో, నిజానికి అది ఏమిటో రెండూ తెలియాలి. అందుకు కొంతసేపు మన చర్మం వైపు చూపు మళ్ళించాలి.

ప్రాచీన భారతీయ వైద్యులలో సుశ్రుతుడు చర్మాన్ని ఏడు పొరలుగా విభజించాడు. అన్నింటికన్నా పైదానికి అవభాసిని అని పేరు పెట్టాడు. ప్రకాశింపజేసేది, మేని వర్ణాలను వెల్లడించేది అని దాని అర్థం. దాని మందాన్ని వడ్లగింజలో పద్దెనిమిదవ భాగంగా లెక్కగట్టాడు. సూక్ష్మదర్శిని లేని కాలంలో ఇంత లెక్కకు పూనుకోవడమే ఒక ఆశ్చర్యం. అంతకన్నా విశేషం మరొకటి ఉంది. కుష్ఠానికి అతడు స్థానం కల్పించింది పైపొరలో కాదు. నాలుగవదైన తామ్రలోను, ఐదవదైన వేదినిలోను. అతని దృష్టిలో కుష్ఠం అనే మాట అనేక చర్మవ్యాధులకు చెల్లుతుందన్నది నిజమే. అయినా వ్యాధి పైకి కనిపించేచోట పుట్టలేదన్న ఎరుక అతనికి ఉంది.

ఆధునిక శాస్త్రం ఆ పైపొరను స్ట్రాటం కార్నియం అంటుంది. కొమ్ములాంటి గట్టి పొర అని ఆ మాటకు అర్థం. శరీరంలో అధికభాగాన అది కాగితం కన్నా ఎంతో పలుచన. అరచేతుల్లో, అరికాళ్ళలో మాత్రం అనేక రెట్లు మందం. అందులోని కణాలన్నీ చనిపోయినవే. బాహ్యచర్మపు అడుగున పుట్టిన కణం పైకి జరుగుతూ జరుగుతూ తనలో కెరాటిన్ అనే మాంసకృత్తిని నింపుకొని, కేంద్రకాన్ని కోల్పోయి, బల్లపరుపై పైపొరలో చేరుతుంది. కొన్నాళ్ళు కాపు కాసి పొట్టులా రాలిపోతుంది. ఇలా పదిహేను ఇరవై వరుసల కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. ఇటుకల మధ్య సున్నంలా కొవ్వు పదార్థాలు నిండి ఉంటాయి. లోపలి నీరు ఆవిరై పోకుండా, బయటి సూక్ష్మజీవులు చొరబడకుండా కాపాడేది ఈ గోడే. చనిపోయి కూడా బతికున్న దేహానికి కోటగోడగా నిలిచే ఈ కణాలను గురించి మన కవులు వర్ణించకపోవడం వారి తప్పు కాదు. వారికి అవి కనిపించలేదు.

కుష్ఠును కలిగించే సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ గుర్తించాడు. అది ఈ గోడను తినదు. లోపలి అంతశ్చర్మంలోను, నరాలలోను చేరి అతి నెమ్మదిగా పెరుగుతుంది. ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. సోకినవారిలో లక్షణాలు బయటపడటానికి ఏళ్ళు పట్టవచ్చు. చాలామంది శరీరాలు దానిని సహజంగానే నిగ్రహించుకోగలవు. చికిత్స పొందని రోగితో దీర్ఘకాలం సన్నిహితంగా మెలిగేవారికి ముక్కు, నోటి తుంపరల ద్వారా అది సోకుతుందని నేటి వైద్యుల అభిప్రాయం. చేయి తాకినంత మాత్రాన అంటుకునే వ్యాధి కాదు.

మరి వేళ్ళు పోయేది ఎందువల్ల? నరం దెబ్బతిన్నచోట రెండు నష్టాలు జరుగుతాయి. ఒకటి, స్పర్శ పోతుంది. రెండు, చెమట ఆగిపోతుంది. తడిలేని చర్మం ఎండి, వేసవిలో బీటలు వారిన చెరువు మట్టిలా పగులుతుంది. ఇటుకల గోడకు నెర్రెలు పడతాయి. బోధన్ ప్రాంతంలో చెరకు కొట్టేవారికి ఆకు అంచు ఎంత పదునో తెలుసు. రంపపు పళ్ళలాంటి ఆ అంచు గీరగానే చేయి వెనక్కు వస్తుంది. ఆ వెనక్కు తీసుకునే చేయి ఆరోగ్యవంతుని చేయి. స్పర్శ లేని చేయి గీరుకున్న సంగతే ఎరుగదు. పొయ్యిమీది గిన్నె కాలిందనీ ఎరుగదు. ముల్లు దిగిన కాలు దిగినట్టే నడుస్తుంది. పగిలిన గోడలోంచి వేరే క్రిములు ప్రవేశించి, పుండు చీము పట్టి, ఎముక వరకు పోయి వేలు క్షీణిస్తుంది. లోకం పాపఫలమని తలచిన వికృతి, చాలావరకు, ఎవరూ కట్టుకట్టని చిన్న గాయాల పర్యవసానం.

ఈ వ్యాధిని గుర్తించడానికి కన్ను ఒక్కటే చాలదు. చర్మంమీది మచ్చను తాకి స్పర్శ ఉందో లేదో చూడాలి. మోచేతి వెనుక నరాన్ని వేలితో తడిమి అది లావెక్కిందేమో తెలుసుకోవాలి. ఊరంతా ఎవరిని తాకరాదని నియమం పెట్టుకున్నదో వారిని తాకడంతోనే ఈ వైద్యం మొదలవుతుంది.

నిజామాబాదు కేంద్రానికి రోగుల రాక త్వరలోనే మితిమీరింది. స్థలం చాలలేదు. అప్పుడు స్థానిక వదాన్యుడు రాజా నర్సాగౌడ్ ముందుకు వచ్చి భూరి విరాళమిచ్చారు. పరదేశం నుండి వచ్చిన క్రైస్తవ వైద్యురాలు, ఇందూరు హిందూ దాత, ముస్లిం ప్రభువు ఏలుబడి: ఈ మూడూ కూడినచోట 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు వైద్యశాల ఏర్పడింది.

గోడలు లేచాయి గాని చేతిలో సరైన మందు లేదు. ఉన్నదల్లా చాల్‌మొగ్రా జాతి గింజల నూనె. సుశ్రుతుడు తువరకమని పేర్కొని, పశ్చిమ సముద్రతీరాన పెరుగుతుందని చెప్పిన చెట్టు ఈ జాతిదే. ఈ నూనెను మేనికి పూసేవారు, కడుపులోకి తాగించేవారు. తాగితే ఆగని వాంతులు. పూస్తే పైపొర అడ్డుకుంటుంది. శత్రువును ఆపే కోటగోడ మందును మాత్రం ఎందుకు రానిస్తుంది? నూనె చర్మంమీద నిగనిగలాడేది. వ్యాధి ఉన్న లోతుకు చాలినంతగా చేరేది కాదు.

ఈ చిక్కును విప్పడానికి ప్రపంచంలో పలుచోట్ల యత్నాలు జరిగాయి. హవాయి ద్వీపాలలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి యువ రసాయనశాస్త్రవేత్త ఆ నూనెను సూదిమందుగా ఇవ్వదగిన రూపంలోకి మార్చింది. ఆ వెంటనే 1916లో, ఇరవై నాలుగేళ్ళకే ఆమె కన్నుమూసింది. కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ హిడ్నోకార్పస్ నూనెతో సూదిమందు చికిత్సను అభివృద్ధి చేశాడు. 1920వ దశకం తొలినాళ్ళలో ఇసబెల్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చి అందులో నిపుణురాలయ్యారు. పైపొరను దాటించి నూనెను లోపలికి పంపే ఈ చికిత్స బాధాకరమైనది. నెలల తరబడి, ఏళ్ళ తరబడి సాగేది. అయినా తొలిదశలో వచ్చినవారిలో కొందరికి మచ్చలు తగ్గేవి. వదిలించుకోవడానికి కాక నయం చేసుకోవడానికి రోగిని తీసుకురావచ్చునన్న మాట పల్లెల్లో పుట్టింది. దాచుకున్న మచ్చను చూపించే ధైర్యం అలా వచ్చింది. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకాన్ని ప్రదానం చేసింది.

ఆ నూనె వ్యాధిని సమూలంగా తొలగించగల మందు కాదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. తగ్గినవారిలో కొందరికి వ్యాధి తిరగబెట్టింది. ఆ సంగతి చెప్పడం వల్ల ఇసబెల్ స్థానం తగ్గదు; తన కాలానికి దొరికిన ఆయుధంతోనే ఎవరైనా పోరాడాలి.

1932 డిసెంబరు 12న ఆమె మరణించారు. మంజీరానదిపై నిజాంసాగర్ కట్టడం పూర్తయి అప్పటికి ఏడాది. ఆ నీటితో బోధన్ చుట్టుపక్కల చెరకు విస్తరించడం, శక్కర్‌నగర్‌లో చక్కెర కర్మాగారం వెలయడం ఆమె చూడని సంగతులు. ఆమె చూడనిది మరొకటి కూడా ఉంది. 1940వ దశకంలో సల్ఫోన్ మందులు వచ్చాయి. డిచ్‌పల్లిలో పనిచేసిన వైద్యుడు జాన్ లో ఆ తరువాత నైజీరియాకు వెళ్ళి, డాప్సోన్‌ను తక్కువ మోతాదులో నోటిద్వారా ఇవ్వవచ్చునని నిరూపించినవారిలో ఒకడయ్యాడు. సూది అవసరం తీరింది. 1980వ దశకంలో ప్రవేశించిన బహుళౌషధ చికిత్స ఆరునెలల నుండి ఏడాదిలో వ్యాధిని నయం చేస్తుంది. 2005 చివరికి మన దేశంలో రోగుల సంఖ్య పదివేలకు ఒకటి కన్నా తగ్గింది. అయినా 2023లో ప్రపంచమంతటా కొత్తగా బయటపడిన కేసులలో సగానికి పైగా భారతదేశంలోనివే.

మందు క్రిమిని చంపుతుంది; పోయిన స్పర్శను మాత్రం తిరిగి తేలేదు. అందువల్ల నయమైనవారికి కూడా వైద్యసిబ్బంది ఒక నిత్యకృత్యం నేర్పుతారు. రోజూ కాళ్ళను కొంతసేపు నీటిలో నానబెట్టాలి. గట్టిపడిన చర్మాన్ని గరుకు రాతితో మెల్లగా రుద్దాలి. తడి ఆరకముందే నూనె రాయాలి. లోపలికి పోలేక ఒకనాడు విఫలమైన నూనె పూత ఇక్కడ పైననే నిలిచి, చర్మం పీల్చుకున్న నీటిని ఆవిరి కానీయక, పగిలిన గోడకు సున్నంలా పనిచేస్తుంది. ఆ తరువాత రెండు అరికాళ్ళనూ వెలుతురుకు తిప్పి, కాలు చెప్పలేని గాయం ఏదైనా ఉన్నదేమో కంటితో వెదుక్కోవాలి.